మెఱుగు పెట్టరాని సొత్తు

2014వ సంవత్సరము నవంబరు మాసమున అమెరికా సంయుక్తరాష్ట్రములలోని నెవాడా రాష్ట్రమునందు, గ్రేట్ బేసిన్ జాతీయోద్యానవనములో పురావస్తు పరిశీలకులు సంచరించుచుండగా, ఒక జూనిపర్ వృక్షమునకు ఆనించియున్న తుపాకి యొకటి వారి కంటబడినది. దాని కొయ్యమడమ ఎండకును, వానకును, మంచునకును బీటలు వాఱి చెట్టుబెరడు వన్నెకు తిరిగియుండెను. మడమ క్రిందిభాగము కొంత మట్టిలో పూడియుండెను. ఇనుపభాగముల నిండ త్రుప్పు. ఎవరో ఒకనాడు దానినచ్చట నిలిపి ఏదో పనిమీద కదలిపోయి, మరల రాలేదు. తుపాకిమీది వరుస సంఖ్యను బట్టి అది వించెస్టరు కంపెనీవారి 1873వ నమూనా తుపాకియనియు, 1882లో కర్మాగారమునుండి వెలువడినదనియు తేలినది.

ఈ వృత్తాంతము విన్న తెలుగు స్త్రీకి జమ్మిచెట్టు జ్ఞప్తికి రాకమానదు. అజ్ఞాతవాసమునకు ముందు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి. ఏడాది గడచినపిదప అర్జునుడు ఉత్తరకుమారుని ఆ చెట్టెక్కించి వానిని దింపించునప్పుడు, ఉత్తరుడు ఒక్కొక్క వింటిని చూపి ఇది యెవరిదని అడుగుటయు, అర్జునుడు ఇది ధర్మరాజుది, ఇది భీమునిది యని వివరించుటయు విరాటపర్వము చదివినవారెల్లరు ఎఱుగుదురు. ఆ నెవాడా తుపాకి విషయమున ఉత్తరుని ప్రశ్న మాత్రము మిగిలినది. బదులు చెప్పుటకు అర్జునుడు లేడు. కంపెనీవారి పాతలెక్కలలో తుపాకి వెలువడిన సంవత్సరము కలదు గాని, దానిని కొన్నవాని పేరు గాని, అది చేరిన ఊరు గాని లేదు.

ఇట్టి పాత తుపాకులను వెదకి, కొని, వాని చరిత్రమును విచారించి భద్రపఱచువారు అమెరికాలో వేలకొలదిగా నున్నారు. ఆయుధమన్నంతనే స్త్రీహృదయము వెనుకకు జంకుట సహజము. ప్రాణము తీయుటకై పుట్టిన వస్తువును ముచ్చటగా దాచుకొనుటలో ధర్మమెక్కడిది యని అడుగుట న్యాయము. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానము తుదకు చెప్పెదను. అంతకుముందు ఆ వస్తువెట్టిదో, దానిని దాచువారు దేనికై చూతురో తెలిసికొందము.

లీవరు తుపాకి స్వరూపము

పూర్వకాలపు తుపాకిని ప్రతిమాఱును గొట్టము మూతినుండి నింపవలసియుండెను. మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, పేల్చినపిదప మరల అదియే పని. ఎంత నేర్పరియైనను నిమిషమునకు రెండు మూడు మాఱులకంటె పేల్చుట దుర్లభము. లీవరు తుపాకి ఈ శ్రమను తప్పించినది. ట్రిగ్గరు చుట్టునుండు ఇనుపకమ్మి వెనుకకు సాగి, వ్రేళ్లు దూర్చుటకు వీలగు కడియమువలె నుండును. దానికే లీవరని పేరు. దానిని క్రిందికి నెట్టి మరల పైకి లాగినచో ఆ యొక్క కదలికతో మూడు పనులు జరుగును. కాలిన తూటా డొల్ల వెలికెగిరి పడును. గొట్టము క్రిందనున్న సన్నని నాళములోనుండి క్రొత్త తూటా వచ్చి గొట్టమున దూరును. తూటాను కొట్టు సుత్తి వెనుకకు వంగి సిద్ధముగా నిలుచును.

తొలినాటి తుపాకులలో ఈ పని చేయు లోపలి కీలు మన మోకాలివంటిది. మోకాలు వంచినపుడు కాలు ముడుచుకొనును. చాచినపుడు కఱ్ఱవలె బిగిసి నిలుచును. అట్లే లీవరు దింపినపుడు కీలు ముడుచుకొని తూటా గది తలుపు తెఱచును. ఎత్తినపుడు చాచుకొని దానిని మూసి బిగించును. ఈ కీలు చిన్న తూటాలకు చాలునుగాని పెద్ద తూటాల దెబ్బకు తాళజాలదు. ఆ లోపమును తీర్చినవాడు యూటా ప్రాంతమున ఆగ్డెన్ పట్టణవాసియైన జాన్ మోజెస్ బ్రౌనింగు. అతడు మోకాలికీలును విడిచి, తలుపునకు గడియ వేసినట్లు నిలువుగా జారి అడ్డుపడు ఉక్కుదిమ్మెలను అమర్చెను. వించెస్టరు వారి 1886, 1892, 1894 నమూనాలు అతని కల్పనలే. వీనిలో 1894వ నమూనా డెబ్బది లక్షలకు మించి తయారైనది. 2006లో న్యూ హేవెన్ కర్మాగారము మూతపడువఱకు అచ్చట దాని తయారీ సాగెను.

చొక్కాలు కుట్టించిన వ్యాపారి

ఈ తుపాకులకు పేరిచ్చిన ఆలివరు వించెస్టరు (1810-1880) తుపాకులు చేయు కమ్మరి కాడు, చొక్కాల వ్యాపారి. మెడవద్ద చక్కగా అమరునట్లు గుడ్డ కత్తిరించు క్రొత్త పద్ధతికి 1848లో హక్కుపత్రము పొందెను. కనెక్టికట్ రాష్ట్రమున న్యూ హేవెన్ నగరమునందు అతడు నెలకొల్పిన చొక్కాల కర్మాగారమునకై ఎందఱో స్త్రీలు కుట్టుపని చేయుచుండిరి. ఆ సూదిమొనల సంపాదనయే తుపాకుల కంపెనీకి పెట్టుబడి యయ్యెనని సోదరీమణులు గమనింతురుగాక.

స్మిత్, వెస్సన్ అను నిరువురి కల్పనను ఆధారము చేసికొని 1855లో వెలసిన వాల్కానిక్ అను తుపాకుల కంపెనీలో వించెస్టరు వాటాలు కొనెను. కొలదికాలముననే అది దివాలా తీయగా, 1857లో దానిని చేజిక్కించుకొని, బెంజమిన్ టైలర్ హెన్రీ అను నేర్పరిని కర్మాగారమునకు పెద్దగా నుంచెను. 1860 అక్టోబరు 16వ తేదీన హెన్రీ హక్కుపత్రము పొందిన తుపాకి ఒక్కమాఱు నింపినచో పదునాఱు మాఱులు పేల్చుటకు వీలైనది. అవి మొత్తము సుమారు పదునాలుగు వేలు మాత్రమే తయారైనవి. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధమున ప్రభుత్వము కొన్నవి రెండువేలకు లోబడియే. పెక్కుమంది సైనికులు తమ జీతపు సొమ్ముతో తామే కొనుక్కొనిరి. అధ్యక్షుడు లింకనునకు బహూకరించినది, 6వ సంఖ్య గలది, చిత్రపు చెక్కడపుపనితో వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలయందు భద్రముగా నున్నది.

హెన్రీ తుపాకికి గొట్టము క్రింద కొయ్య లేదు. వరుసగా పేల్చినచో గొట్టము వేడెక్కి చేయి కాలును. తూటాల నాళమునకు క్రిందనున్న చీలికలో దుమ్ము దూరును. 1866లో ఈ లోపములు సవరించి, ప్రక్కనుండి తూటాలు నింపుటకు చిన్న తలుపు నమర్చిరి. కంపెనీ పేరును వించెస్టరు అయినది. ఆ నమూనా చట్రమును రాగి పాలెక్కువగల కంచుతో పోసిరి. పసుపువన్నెతో మెఱయు ఆ తుపాకిని జనులు 'యెల్లో బాయ్', అనగా పసుపుపచ్చని పిల్లవాడని పిలిచిరి. 1873వ నమూనాలో కంచునకు బదులు ఇనుమును, తరువాత ఉక్కును వాడిరి. ఇవి ఏడు లక్షలకు మించి తయారైనవి. మార్లిను, సావేజి మొదలగు కంపెనీలవారును లీవరు తుపాకులు చేసిరి. గుఱి తప్పని స్త్రీయని జగత్ప్రసిద్ధి గాంచిన ఆనీ ఓక్లీ (1860-1926) మార్లిను వారి చిన్న లీవరు తుపాకులను వాడుచుండెను. నేటి సంగ్రాహకులు ముఖ్యముగా వెదకునవి ఈ నలుబది యేండ్లలోనివే.

చింతపండు తగులరాదు

పండుగ వచ్చినదన్న అటుకమీది ఇత్తడి గంగాళములను, కంచుచెంబులను దింపి చింతపండుతో తోమి తళతళలాడించుట మన దేశమున మంచి యిల్లాలి లక్షణము. పాత తుపాకుల సంగ్రాహకుల మతము దీనికి ముమ్మాటికి విరుద్ధము. నూటయేబది యేండ్లనాటి యెల్లో బాయ్ చట్రము ముదురు తేనెవన్నెకు తిరిగియుండును. అది చేతుల చెమటయు, గాలియు, కాలమును కలిసి వేసిన పూత. దానినెవరైన తోమి క్రొత్తబంగారమువలె మెఱయించినచో, తెలిసినవారు చూచి నిట్టూర్తురు. అంతకాలము కూడబెట్టిన వెల ఒక్కపూటలో కరగిపోవును.

ఉక్కుభాగముల సంగతియు నిట్టిదే. కర్మాగారమున ఉక్కునకు నీలివన్నె పూత నిచ్చుచుండిరి. మోయునప్పుడు చేయి తగులు చోట ఆ నీలము తొలగి గోధుమవన్నెకు తిరుగును. గుఱ్ఱపు జీనుకు కట్టిన తొడుగులోనుండి తీయుచు పెట్టుచు నుండుటచే గొట్టము ప్రక్కలు అరగును. ఆ యరుగుదలయే ఆ తుపాకి యెట్టివాని చేత, ఎట్లు బ్రతికినదో చెప్పు వ్రాత. క్రొత్తపూత వేసినచో ఆ వ్రాత చెఱిగిపోవును. మరల వ్రాయుట ఎవరితరమును కాదు.

కావున నేర్పరియైన సంగ్రాహకుడు తుపాకిని చేతికి తీసికొని మొదట అందమును చూడడు. చట్రము అంచులు పదునుగా నున్నవా, లేక సానచక్రము తగిలి మొద్దుబాఱినవా యని చూచును. గొట్టముపై ముద్రించిన పేరు, తేదీలు లోతుగా నున్నవా, అరగదీయుటచే పలుచబడినవా యని చూచును. మరచీలల తలలపై గాడులు చెదరియున్నచో ఎవరో అజాగ్రత్తగా విప్పి బిగించిరని గ్రహించును. కొయ్యయు లోహమును కలియు చోట వ్రేలితో తడవును. కర్మాగారమునుండి వచ్చినపుడు కొయ్య లోహముకంటె వెండ్రుకవాసి యెత్తుగా నుండును. కొయ్యను గరుకుకాగితముతో రుద్దినవారున్నచో అది లోహమునకు దిగువకు పోయియుండును. ఉక్కు అరిగి కొయ్య క్రొత్తగా నున్నచో, లేక కొయ్య అరిగి ఉక్కు మెఱయుచున్నచో, రెండింటిలో ఒకటి తరువాత వచ్చినదే. ఒక యింటివారందఱు ఒకే మాట చెప్పినట్లు, తుపాకి భాగములన్నియు ఒకే వయస్సు చెప్పవలయును.

నెవాడాలో దొరకిన తుపాకిని వయోమింగు రాష్ట్రమున కోడీ పట్టణమందలి ఆయుధ ప్రదర్శనశాలకు పంపిరి. అచ్చటి నిపుణులు దానిని క్రొత్తది చేయ యత్నింపలేదు. ఎక్స్ కిరణములతో పరీక్షించిరి. బీటలు వాఱిన కొయ్య ఊడిపోకుండ నిలిపిరి. తూటాల నాళము ఖాళీగా నుండెను గాని, మడమలోని చిన్న గూటిలో పేలని తూటా యొకటి బయటపడినది. త్రుప్పును, బూడిదవన్నె కొయ్యను ఉన్నవి ఉన్నట్లే యుంచి తిరిగి ఉద్యానవనమునకు పంపిరి. ఇప్పుడు దానిని చూచువారు వేలకొలది వేఱు తుపాకులలో కానరాని దానిని అందు చూతురు. అది ఆ చెట్టుక్రింద గడచిన కాలము.

అభిజ్ఞానము

ఉంగరము పోయినందున దుష్యంతుడు శకుంతలను గుర్తింపలేకపోయెను. శకుంతల మారలేదు, సాక్ష్యము మాత్రము లేదు. పాత తుపాకులకును ఇట్టి అభిజ్ఞానము కావలయును. ప్రతి తుపాకికి వరుస సంఖ్య యొకటి చెక్కబడియుండును. 1873వ నమూనాలో అది లీవరు వెనుకనుండు సన్నని లోహపుపట్టీపై నుండును. వించెస్టరు కంపెనీవారు ఒక్కొక్క సంఖ్యకెదుట ఆ తుపాకి రకము, గొట్టము ఆకృతి, ప్రత్యేకముగా చేయించిన అలంకారములు, పంపిన తేదీ మొదలగునవి చేతితో వ్రాసి యుంచిరి. ఆ పుస్తకములలో మిగిలినవి నేడు ముందు చెప్పిన కోడీ ప్రదర్శనశాలలోనే గలవు. రుసుము చెల్లించి సంఖ్య తెలిపినచో, పుస్తకములోనున్న సంగతిని లేఖగా వ్రాసి యిత్తురు. కొన్ని నమూనాల పుటలు నష్టమైనవి. అట్టివానికి లేఖ దొరకదు.

ఈ లేఖలకు ఎందుకంత ప్రాధాన్యమో ఒక యుదాహరణము చాలును. 1875 ప్రాంతమున వించెస్టరు వారు, పరీక్షలో గుఱి మిక్కిలి చక్కగా నిలిచిన గొట్టములను ఏఱి, వానితో ప్రత్యేకపు తుపాకులను చేసి 'వేయింటిలో ఒకటి' అను పేరు చెక్కించి నూఱు డాలర్లకు అమ్మిరి. 1873వ నమూనాలో అట్టివి సుమారు నూటముప్పదియాఱు మాత్రమే తయారైనవి. 1950లో ఆ తుపాకి చుట్టు అల్లిన కథతో 'వించెస్టర్ 73' అను చలనచిత్రము వెలువడినది. దాని ప్రచారమునకై, మీ యింట అట్టి తుపాకి కలదా యని ప్రకటనలు వేసిరి. జనులు పెట్టెలు, అటుకలు వెదకిరి. పాత పనిముట్టుగా మూలబడినది ఒక్కమాఱుగా సంపద యయ్యెను. సంపద యున్నచోట మోసము నుండును. సామాన్యపు తుపాకిపై ఆ మాటలను చెక్కించి అమ్మువారు బయలుదేఱిరి. అట్టి మోసము బయటపడునది కర్మాగారపు లేఖ వలననే. చెక్కినవాడు ఉక్కుపై ఎంత నేర్పు చూపినను, ఆ పాత పుస్తకములో ఒక్క అక్షరము చేర్చజాలడు.

నిజమైన సాక్ష్యమున్న వస్తువు వెల ఎంతవఱకు పోవునో 2016లో ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన ఒక వేలము చాటినది. 1886వ నమూనాలో మొట్టమొదటి సంఖ్య గల తుపాకిని అపాచీ నాయకుడగు జెరోనిమో లొంగుబాటుతో సంబంధముగల కెప్టెన్ హెన్రీ లాటనునకు అతని స్నేహితుడు బహూకరించెను. ఆ సంగతి తుపాకిపైననే చెక్కబడియున్నది. అది 12,65,000 డాలర్లకు అమ్ముడైనది. ఇనుమునకును కొయ్యకును ఎవరును అంత యీయరు. ఇచ్చినది సందేహము లేని కథకు.

తేదీ తెలియుట చట్టమునకును ముఖ్యమే. అమెరికాలో 1968 నాటి ఆయుధ నియంత్రణ చట్టము, 1898వ సంవత్సరాంతములోగా తయారైన తుపాకులను ప్రాచీనవస్తువులుగా వేఱుపఱచినది. 1898 డిసెంబరులో చేసిన 1894వ నమూనా తుపాకియు, 1899 జనవరిలో చేసినదియు కంటికి కవలపిల్లలు. చట్టము దృష్టిలో ఒకటి పురాతనము, మఱియొకటి మామూలు ఆయుధము. ఆ రాష్ట్రములలో కొన్నిచోట్ల నిబంధనలు వేఱుగా నుండును. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ఇట్టి గడువును పాటింపదు. మరమ్మతు చేసినను పనికిరానంత పాడైన ప్రాచీనాయుధమునకు మినహాయింపు కలదుగాని, పేలుటకు వీలున్న తుపాకి ఎంత పాతదైనను అనుమతిపత్రము లేక ఉంచుకొనరాదు. విదేశముననున్న బంధువులు ముచ్చటపడి తెత్తుమన్నచో ఈ సంగతి ముందుగా చెప్పుట మేలు.

మెఱుగు పెట్టిన చరిత్ర

లోహమునకు మెఱుగు పెట్టుటకంటె కథకు మెఱుగు పెట్టుట సులభము, నష్టమును అధికము. 'పడమటి సీమను గెలిచిన తుపాకి' యని వించెస్టరునకు ప్రశస్తి కలదు. అది కంపెనీవారు ఆ కాలము గడచినపిదప తమ ప్రకటనలలో వాడుకలోనికి తెచ్చిన మాట. అమెరికా సైన్యము ఆ యేండ్లలో ముఖ్యముగా వాడినది ఒక్కొక్క తూటా నింపి పేల్చు స్ప్రింగ్‌ఫీల్డు తుపాకి. గెలువబడిన ఆ సీమయు నిర్జనము కాదు. లకోటా, షయెన్ మొదలగు జాతులవారు తరతరములుగా నివసించు నేల.

1876 జూను 25వ తేదీన మాంటానా ప్రాంతమున లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున సేనాని కస్టరును, అతని వెంట నిలిచిన దళమును ఆ జాతులవారు నిశ్శేషముగా ఓడించిరి. 1983లో ఆ మైదానమున గడ్డి తగులబడి నేల బయటపడగా, మరుసటి యేడు పురావస్తు పరిశోధకులు తూటాడొల్లలను ఏఱి పరీక్షించిరి. పేలునపుడు సుత్తిముల్లు డొల్లపై గ్రుచ్చు గుర్తు మనుష్యుని వ్రేలిముద్రవలె ప్రతి తుపాకికి వేఱుగా నుండును. ఆ గుర్తులను పోల్చిచూడగా, కస్టరు సైనికులు ఒంటితూటా తుపాకులతో నుండగా, ఎదుటివారిలో పెక్కుమంది చేత హెన్రీ, వించెస్టరు లీవరు తుపాకులుండెనని స్పష్టమైనది. నూఱేండ్లు చెప్పుకొన్న కథను నేలలోని డొల్లలు సరిదిద్దినవి.

ఆ జాతులవారు వాడిన తుపాకులు కొన్ని నేటికిని గలవు. మడమపై ఇత్తడి మేకులు వరుసలుగా కొట్టి అలంకరించుట వారి ఆచారము. కొయ్య విఱిగినచో పచ్చితోలును తడిపి చుట్టి కుట్టుదురు. ఎండినకొలది అది ఇనుపకట్టువలె బిగియును. ఒకప్పుడు కొందఱు సంగ్రాహకులు అట్టి తోలును కోసివేసి, మేకులు పెఱికి, క్రొత్త కొయ్య బిగించిరి. తుపాకి బాగుపడినది, దానిని మోసిన మనుష్యుడు రెండవమాఱు మరణించెను. నేటి వివేకవంతులు ఆ తోలుకట్టునే పదిలపఱచుచున్నారు. అందు ఒక జాతి దారిద్ర్యమును, నేర్పును, నేల కోల్పోయిన దుఃఖమును గలవు.

మెఱుగు పెట్టిన కథలలో స్త్రీని గూర్చినది యొకటి చెప్పక తప్పదు. ఆలివరు వించెస్టరు కోడలు శారా (1839-1922). 1866లో పుట్టిన ఆమె ఏకైక పుత్రిక నెలదాటిన కొలది దినములకే కన్నుమూసినది. 1880 డిసెంబరున మామగారు, 1881 మార్చిలో భర్త క్షయవ్యాధితోను గతించిరి. తరువాత ఆమె కాలిఫోర్నియాకు పోయి, 1886లో శాన్ హోసే చెంత ఒక యిల్లు కొని దానిని పెంచుచు పోయెను. నూటయఱువదివఱకు గదులున్న ఆ భవనమును 1923 నుండి జనులు చూడవచ్చుచున్నారు. ఆ ప్రాంతమున కాపురమున్న మన తెలుగువారును, వారి నుండి చూడవచ్చిన తల్లిదండ్రులును అందు తిరిగి వచ్చుచుందురు.

అచ్చట చెప్పబడు కథయేమనగా, తుపాకులచే చచ్చినవారి ప్రేతములు పీడింపగా, సోదె చెప్పునామె మాటపై శారా రాత్రింబవళ్లు ఎడతెగక ఇల్లు కట్టించెనని. ఆమె లేఖలను, లెక్కలను పరిశీలించిన చరిత్రకారులకు సోదె మాటకు సాక్ష్యము దొరకలేదు. పని ఆపి విశ్రమించిన కాలములును కలవని ఆమె వ్రాతలే చెప్పుచున్నవి. 1906 భూకంపమునకు పాడైన భాగములను చాలవఱకు ఆమె అట్లే విడిచిపెట్టినది. కథకులు మఱచిన సంగతి యొకటి కలదు. తన భర్తను బలిగొన్న క్షయరోగమునకు న్యూ హేవెన్‌లో చికిత్సాలయము నెలకొల్పుటకై ఆమె పదిలక్షల డాలర్లకు మించిన ధనము నిచ్చినది. బిడ్డను, భర్తను పోగొట్టుకొని ఒంటరిగా మిగిలిన స్త్రీ ఇల్లు కట్టుకొన్నచో లోకమునకు దయ్యములే కనబడినవి. ఆమె చేసిన దానము కనబడలేదు.

గృహిణులకు ఒక మాట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తును. ఆయుధమును దాచుటలో ధర్మమేమి? దాని పరాక్రమమును పొగడుటకై దాచినచో ధర్మము లేదు. సాక్షిగా దాచినచో కలదు. న్యాయస్థానమున సాక్షి ముఖమునకు రంగు పూసి నిలుపము. అతడు చూచినదానిని చూచినట్లు చెప్పనిత్తుము. తుపాకిమీది త్రుప్పును, పగిలిన కొయ్యను, దానివలన గలిగిన మేలును కీడును ఉన్నవి ఉన్నట్లు కాపాడువాడే నిజమైన సంగ్రాహకుడు. తక్కినవాడు సామాను ప్రోగుచేయువాడు.

ఈ విషయమున స్త్రీలకు గల బాధ్యత పెద్దది. సంపాదించినవాడు పోయినపిదప పెట్టె తెఱచునది సాధారణముగా అతని భార్యయో, కోడలో. ఆమె చేతిలోనే ఆ వస్తువు కథ నిలుచుటయు, నశించుటయు నున్నది. అమెరికాలో ఇట్టి తుపాకి ఇంట దొరకిన స్త్రీలకు తెలిసినవారు చెప్పు జాగ్రత్తలివి. ఎన్ని యేండ్లు మూలబడినను తుపాకి నిండియున్నదనియే తలచి, తెలిసినవానిచే పరీక్ష చేయించునంతవఱకు ముట్టరాదు. తోమరాదు, రుద్దరాదు, క్రొత్తపూత వేయింపరాదు. వ్రేళ్ల చెమటలోని ఉప్పు ఉక్కును త్రుప్పు పట్టించును గనుక నూలు తొడుగులు వేసికొని పట్టుకొనవలయును. తోలుసంచిలో దీర్ఘకాలముంచరాదు, తోలు తేమను పీల్చి త్రుప్పు పట్టించును. ఉక్కుపై పలుచగా నూనె రాచి, తేమలేని చోట, పిల్లల చేతికందకుండ తాళము వేసి యుంచవలయును. పాత రసీదులను, ఉత్తరములను, ఆ తుపాకి పట్టుకొని తీయించుకొన్న ఛాయాచిత్రములను దానినుండి వేఱు చేయరాదు. వెల కట్టువాడు ఇంటికి వచ్చి తొందరపెట్టినను, సంఖ్య వ్రాసికొని కర్మాగారపు లేఖ తెప్పించుకొనువఱకు అమ్మరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి. ఇంటిలో వృద్ధులున్నప్పుడే వారిని కూర్చుండబెట్టి, ఇది ఎవరిది, ఎప్పుడు కొన్నది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదని అడిగి ఒక కాగితముపై వ్రాయవలయును. కన్నది వేఱుగా, విన్నది వేఱుగా వ్రాయవలయును. తెలియనిచోట ఖాళీ విడువవలయునుగాని కల్పించి నింపరాదు.

మన యిండ్లలో తుపాకులు లేవు. అవ్వ కాపురమునకు తెచ్చుకొన్న కావడిపెట్టె కలదు. తాతగారి తాటియాకుల పుస్తకము కలదు. పేరు చెక్కిన కంచుచెంబు కలదు. వాడుకలోనున్నవానిని తోముకొందము, తప్పులేదు. కాని పేరు చెక్కిన చెంబును చేతికి తీసికొనునపుడు, ఆ అక్షరములు మన తోముడుకు ఎంతవఱకు అరగినవో ఒక్కమాఱు చూతముగాక. అవి పూర్తిగా అరగిపోవకముందే ఆ పేరు ఎవరిదో అత్తగారినడిగి వ్రాసికొందము.